పాత దిండు మారిస్తే తుమ్ములు తగ్గుతాయా?

అమ్మా, మీరు రాసిన సంగతులను ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే సమాధానమంతా వాటి మీదే ఆధారపడి ఉంది. మీ కాపురం కాకినాడలో. తొమ్మిదేళ్ల మీ అబ్బాయి పొద్దున్నే మంచం దిగకముందే వరసగా పది పదిహేను తుమ్ములు తుమ్ముతాడు, ముక్కు నీళ్లలా కారుతుంది, అరచేత్తో ముక్కు కొనను పైకి తోసుకుంటూ రుద్దుకుంటాడు, బడికి వెళ్లాక పదిన్నర పదకొండుకల్లా అంతా సర్దుకుంటుంది. ఇంట్లోవి మీ పెళ్లికి పుట్టింటివారు పెట్టిన బూరుగు దూది దిండ్లు. పన్నెండేళ్లలో రెండుసార్లు ఏకించి మళ్లీ కుట్టించారు. ఎవరో చెబితే అబ్బాయికి ఖరీదైన మెమరీ ఫోమ్ దిండు కొన్నారు, మూడు వారాలు దాటినా తేడా కనబడలేదు. మీ అత్తగారేమో బంగారంలాంటి దూదిని పారేయడమేమిటి, ఇంకోసారి ఏకిస్తే సరిపోదా అంటున్నారు. చివర్లో, పెద్ద విషయం కాదన్నట్టుగా, అబ్బాయి రోజూ కథలు వింటూ నాయనమ్మ పక్కనే నిద్రపోతాడనీ, పది దాటాక మీరు తెచ్చి మంచం మీద వేస్తారనీ రాశారు. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో అతి ముఖ్యమైన వాక్యం అదే. దాని దగ్గరకు తరువాత వస్తాను.

సూటిగా చెప్పవలసింది ముందే చెబుతాను. ఆ దిండ్లను పారేయండి, ఏకించవద్దు. అయితే దిండు మార్చినంత మాత్రాన తుమ్ములు ఆగిపోతాయని అనుకోవద్దు. మీ అనుభవమే అందుకు సాక్ష్యం. ముప్ఫై ఏళ్లకు పైగా గోదావరి జిల్లాల్లో చెవి, ముక్కు, గొంతు వైద్యం చేసినవాణ్ణి. దిండు లోపల దూది ఉందా, ఫోమ్ ఉందా అని అడిగేవాళ్లే అందరూ. దాన్ని దేనిలో తొడిగారు, గలేబు ఎన్నాళ్లకోసారి ఏ వేడి నీళ్లలో ఉతుకుతున్నారు, ఆ గదిలో చెమ్మ ఎంత ఉంది అన్నవి అడిగినవారు నూటికి ఒకరిద్దరు కూడా ఉండరు. తుమ్ములు తగ్గడం, తగ్గకపోవడం వాటి మీద ఆధారపడి ఉంటుంది.

మనవాళ్లు "నాకు దుమ్ము పడదు" అంటారు. అలర్జీ అన్న పదాన్ని 1906లో వియన్నాకు చెందిన క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల వైద్యుడు పుట్టించాడు గానీ, "పడదు" అన్న మన మాట అదే విషయాన్ని ఇంకా తేలికగా చెబుతుంది. ఆ వస్తువులో విషమేమీ లేదు, ఈ ఒంటికి దానితో పొత్తు కుదరదు, అంతే. చిక్కల్లా "దుమ్ము" అన్న మాటతోనే వస్తుంది. రోడ్డు మీద లేచే మట్టి ఎవరి ముక్కునైనా చికాకు పెడుతుంది, అది వేరే సంగతి. పడక మీది దుమ్ములో మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండని జీవులు కాపురం చేస్తుంటాయి. వైద్యులు వాటిని డస్ట్ మైట్ అంటారు. నేను దుమ్ము పురుగులు అంటాను, నిజానికి అవి ఎనిమిది కాళ్లతో సాలెపురుగుకూ పశువుల మీది గోమారికీ చుట్టాలైనప్పటికీ. ఇవి నల్లుల్లా కుట్టవు, రక్తం తాగవు. మన ఒంటి మీంచి రోజూ రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. ఇంటి దుమ్ము పడకపోవడానికి అసలు కారణం ఇవేనని 1960లలో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా మొదలైనవారు నిరూపించారు. ముక్కుకు పడనిది ప్రధానంగా పురుగు కూడా కాదు, దాని పెంటికలు. మేక పెంటికలను ఊహించుకుని వాటిని మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు కుదించండి. దిండు మీద తల ఆనించి అటూ ఇటూ దొర్లినప్పుడల్లా అవే లేచి ముక్కులోకి పోతాయి. వాటిలో ఉండే ప్రధానమైన ప్రోటీను జీర్ణరసం లాంటిది, తగిలిన చోట ముక్కు లోపలి పొరను వదులు చేయగలదు. పడని మనిషి ఒంట్లో దానికోసం ముందే తయారై కాచుకుని కూర్చున్న ఐజీఈ అనే ప్రతిరక్షకాలు ఉంటాయి. ఆ ప్రోటీను వాటికి తగిలిన కొద్ది నిమిషాల్లోనే హిస్టమిన్ అనే రసాయనం విడుదలై దురద, తుమ్ములు, నీరు కారడం మొదలవుతాయి.

ఈ పురుగులు నీళ్లు తాగవు, గాలిలోని చెమ్మను ఒంటితోనే పీల్చుకుంటాయి. గాలిలో తేమ 50 శాతానికి లోపు వారాల తరబడి నిలిచి ఉంటే ఎండి చస్తాయి. 70, 80 శాతం తేమ, పాతిక ముప్ఫై డిగ్రీల వెచ్చదనం ఉంటే వాటికి పండగే. కాకినాడలో ఏడాదిలో ఎక్కువ భాగం గాలి అలాగే ఉంటుంది. అనంతపురంలో పుట్టి పెరిగి, ఉద్యోగానికి కోస్తా వచ్చిన మొదటి ఏడాదే తుమ్ములు పట్టుకున్నవాళ్లు నా దగ్గరకు కొల్లలుగా వచ్చేవారు. "ఇక్కడి నీళ్లు పడలేదండీ" అనేవారు. పడనిది నీళ్లు కాదు, గాలిలోని నీరు.

ఇక బూరుగు దూది సంగతి. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ పోగు లోపల గొట్టంలా బోలుగా, పైన మైనపు పూతతో ఉంటుంది. అందుకే తేలిక, అందుకే త్వరగా తడవదు, ఒకప్పుడు ఓడల మీద ప్రాణరక్షణ చొక్కాల్లో కూరింది కూడా ఈ దూదినే. కొత్తలో అంతకంటె చల్లని దిండు లేదు. లోపం రెండు చోట్ల ఉంది. ఒకటి, ఆ పోగు పెళుసు. ఏళ్లు గడిచేకొద్దీ విరిగి నలిగి పొడి అవుతుంది. రెండోది అసలైన లోపం, దాన్ని ఉతకలేము. నీళ్లలో ముంచితే ఉండలు కడుతుంది, లోపలి తడి ఆరదు, ఆరకపోతే బూజు పడుతుంది. పన్నెండేళ్ల చెమట, తలనూనె, చర్మపు పొట్టు అందులోనే ఉండిపోయిందన్నమాట. బూజు గురించి ఇంకొక్క మాట: 2006లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వారు ఏడాదిన్నర నుంచి ఇరవై ఏళ్ల వరకూ వాడిన దిండ్లను పరీక్షిస్తే ఒక్కొక్క దిండులో 4 నుంచి 16 రకాల బూజులు దొరికాయి. ఆ దిండ్లు మన బూరుగు దూదివి కూడా కావు, ఈకలవీ సింథటిక్ దూదివీ.

రెండేళ్లలో దిండు బరువులో పదో వంతు చచ్చిన పురుగులే అవుతాయని వాట్సాప్‌లో తిరిగే మాట మీకూ వచ్చే ఉంటుంది. దానికి ఆధారమైన కొలతలను ఎవరూ చూపించగా నేను చూడలేదు. అంత భయపెట్టే లెక్క లేకుండానే దిండు మార్చడానికి కావలసినన్ని కారణాలున్నాయి.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. రోగులకు ఈ ఉపదేశాలన్నీ చేస్తూ నేను పదకొండేళ్లు ఒకే దిండు మీద పడుకున్నాను. తలకు అలవాటైన పల్లం అందులో ఉండేది. చివరకు మా ఆవిడ ఒక ఆదివారం పొద్దున్నే దాన్ని డాబా మీదికి పట్టుకుపోయి బ్లేడుతో కుట్టు విప్పింది. గలేబు మల్లెపువ్వులా ఉంది, ఎందుకంటే అది వారం వారం ఉతుకుతున్నదే. దాని కింది చారల సంచి మీద మాత్రం ఇంత మేర టీ ఒలికి ఎండినట్టు, ఒకదాని అంచు మీద మరొకటిగా, గోధుమరంగు మరకలు దేశపటంలా పరుచుకుని ఉన్నాయి. లోపలి దూది తల ఆనే చోట ఎండిపోయిన ఇడ్లీ ముక్కల్లా గట్టిపడి, మూలల్లో మాత్రం పొడిపొడిగా మిగిలింది. ఒక గుప్పెడు తీసి దులిపితే ఏటవాలు ఎండలో దుమ్ము పొగలా పైకి లేచింది. ఏడు తుమ్ములు తుమ్మాను; ఆవిడే లెక్కపెట్టింది. గలేబు తెల్లగా ఉన్నంత మాత్రాన దిండు శుభ్రంగా ఉన్నట్టు కాదన్న సంగతి నాకు పుస్తకాల కంటె ఆ పూట బాగా తెలిసింది.

ఇప్పుడు ఏకించడం గురించి. పూర్వం దూదేకులవారు విల్లు పట్టుకుని ఇంటి ముందే కూర్చుని ఏకేవారు, ఇప్పుడు వీధి చివర మెషిన్ ఉంది. ఏకడం వల్ల ఉండలు విడిపోయి దూది మళ్లీ పొంగుతుంది. బరువైన చెత్త కొంత రాలుతుంది. అయితే కంటికి కనబడని పెంటికల పొడీ, బూజు బీజాలూ, విరిగిన పోగుల నుసీ దూదిని అంటిపెట్టుకుని కొంత తిరిగి మీ సంచిలోకే వస్తాయి, మిగతాది ఏకే మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీ అత్తగారి కాలంలో ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. దూది ఖరీదైనది, పడకలు ఏటా వేసవిలో నాలుగు రోజులు ఎండలో పడి ఉండేవి, ఇళ్లలో గాలి ఆడేది. అలర్జీ ఉన్న పిల్లవాడు ఉన్న ఇంట్లో, కిటికీలు మూసి పడుకునే రోజుల్లో మాత్రం అది పనికిరాదు. ఆ దిండ్లను పనిమనిషికి ఇవ్వకండి కూడా. వాళ్ల పిల్లలకూ ముక్కులున్నాయి.

మరి కొత్త దిండు కొన్నా ఎందుకు తగ్గలేదు? ఒక్కటి కాదు, నాలుగు కారణాలు కలిశాయి. దిండు కొత్తదే, పరుపు పాతది. ఆ పరుపులోనూ పురుగులుంటాయి. పిల్లవాడు తొమ్మిది నుంచి పది దాకా ముఖం ఆనించి పడుకునేది నాయనమ్మ గారి పాత దిండు మీద, ఆమె రగ్గు కింద. ఆ గంటలోనే రోజుకు సరిపడా ముక్కులోకి పోతుంది. మూడోది, పురుగులు చచ్చినా, వెళ్లిపోయినా, వాటి పెంటికలలోని ప్రోటీను పడకలోనూ తివాచీలోనూ నెలల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. పైగా ఒకసారి రేగిన ముక్కు లోపలి పొర కుదుటపడటానికే వారాలు పడుతుంది, కాబట్టి మూడు వారాలు చాలవు. నాలుగోది, ఫోమ్ దిండు మీద ఉన్న నమ్మకమే అతిగా ఉంది. దిండు సరుకు గురించి చాలామంది చదువుకున్నవారు కూడా తలకిందులుగా నమ్ముతారు: ఈకల దిండు ప్రమాదం, సింథటిక్ దిండు క్షేమం అని. 1996లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధనలో దుమ్ము పురుగుల ప్రోటీను ఈకల దిండ్లలో కంటె సింథటిక్ దిండ్లలోనే ఎక్కువగా తేలింది. కారణం చాలా సాదాది. ఈకలు బయటికి పొడుచుకు రాకుండా ఆ దిండు సంచికి చాలా దట్టంగా నేసిన బట్ట వాడతారు. ఆ బట్టలోంచి పురుగులూ పోలేవు. లోపల ఏముందన్నది కాదు, పై బట్ట ఎంత దట్టంగా ఉందన్నదే తేడా తెచ్చింది.

అందుకే నేను ముందు కొనమనేది దిండును కాదు, తొడుగును. దుమ్ము పురుగులు దూరని బట్టతో, రంధ్రాలు 10 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకుండా నేసిన తొడుగులు ఇప్పుడు దిండుకూ పరుపుకూ దొరుకుతున్నాయి. ఇవి ఆరు వైపులా మూసుకుని జిప్పు ఉండాలి. పరుపు పైన దుప్పటిలా లాగి మూలలకు ఎలాస్టిక్ పట్టే వాటర్‌ప్రూఫ్ కవరు తడి నుంచి కాపాడుతుంది గానీ, కింది వైపు తెరిచే ఉంటుంది కనుక ఈ పనికి చాలదు. రెక్సిన్ కవరు పురుగులను ఆపుతుంది, కానీ మన ఉక్కపోతలో దాని మీద పడుకోవడం శిక్షే. పిల్లవాడు రెండో రాత్రే తీసి పారేస్తాడు. ముందుగా కొత్త ఫోమ్ దిండుకు, ఆ తరువాత పిల్లవాడి పరుపుకు, ఆ తరువాత నాయనమ్మ గారి దిండుకూ పరుపుకూ తొడగండి. గలేబు మామూలుగా దీని పైన వేస్తారు. తొడుగును రెండు మూడు నెలలకోసారి ఉతికితే చాలు, గలేబులూ దుప్పట్లూ మాత్రం వారానికోసారి ఉతకవలసిందే.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రెండు పెద్ద పరిశోధనలు వచ్చాయి. ఒకదానిలో ఉబ్బసం ఉన్న 1,122 మంది పెద్దవాళ్లలో కొందరికి పురుగులు దూరని అసలు తొడుగులు, కొందరికి మామూలు బట్ట తొడుగులు ఇచ్చి ఏడాది చూస్తే తేడా ఏమీ కనబడలేదు. ముక్కు అలర్జీ మీద చేసిన రెండోదానిలోనూ అంతే. ఆనాడు మాలో చాలామంది తొడుగులు దండగ అనేశాం. తరువాత 2017లో ఇంగ్లండులో ఉబ్బసం తీవ్రమై ఆసుపత్రికి వచ్చిన, దుమ్ము పురుగులు పడని 284 మంది పిల్లల మీద ఇలాగే చేస్తే, ఏడాదిలో మళ్లీ ఆయాసంతో ఆసుపత్రికి రావలసి వచ్చినవారు మామూలు తొడుగుల పిల్లల్లో 41.5 శాతం, అసలు తొడుగుల పిల్లల్లో 29.3 శాతం. నేను దీన్నిబట్టి అర్థం చేసుకున్నదేమిటంటే, పిల్లల్లో, అదీ దుమ్ము పురుగులే పడవని పరీక్షలో తేలిన పిల్లల్లో, ఉతకడంతో పాటు వాడితే తొడుగులు ఖర్చుకు తగినవి. ఒక్కటే మంత్రదండంలా వాడితే ఎవరికీ పెద్దగా పనికిరావు. ముక్కుకు ఎంత మేలు చేస్తాయో అన్న దాని మీద నా ఆశ ఇంకొంచెం తక్కువే.

ఉతకడంలో వేడే కీలకం. 55 నుంచి 60 డిగ్రీల వేడి నీళ్లలో పురుగులు చస్తాయి. చన్నీళ్లలో ఉతికితే పెంటికల ప్రోటీను చాలావరకు కొట్టుకుపోతుంది, ఎందుకంటే అది నీటిలో కరిగేదే, కానీ పురుగులు మాత్రం ఈదులాడి బతికేస్తాయి. మీ వాషింగ్ మెషిన్‌లో 60 డిగ్రీల సెట్టింగ్ ఉంటే గలేబులూ దుప్పట్లూ దానిలో వేయండి. లేకపోతే మరగబెట్టిన నీళ్లు పెద్ద బకెట్లో పోసి, గలేబులను అరగంట మూతపెట్టి ఉంచి, తరువాత మామూలుగా ఉతకండి. మన రజకులు రేవులో బట్టలను బానల్లో పేర్చి ఆవిరికి పెట్టే కాలంలో ఈ సమస్య తెలియకుండానే సగం పరిష్కారమైపోయేది. కొత్త దిండ్లు కొనేటప్పుడు మెషిన్‌లో ఉతకదగినవి, అంటే సింథటిక్ ఫైబర్‌వి, కొనమని అందుకే అంటాను; ఫోమ్‌ను ఉతకలేరు, తొడుగే దాని రక్ష. ఫైబర్ దిండు మూడు నెలలకోసారి ఉతికి, రెండేళ్లకు మార్చేయండి. మధ్యకు మడిచి వదిలితే తిరిగి విచ్చుకోని ఫైబర్ దిండు మెడకూ పనికిరాదు. ఈ మడత పరీక్ష దూది దిండుకు పెట్టకండి, అది కొన్న రోజునే తప్పుతుంది.

ఎండ గురించి మీ అత్తగారి మాటలో నిజం ఉంది. రోహిణీ కార్తె ఎండలో డాబా మీద పరిచిన పడక బాగా ఎండి, పురుగులు పెద్ద సంఖ్యలో చస్తాయి. అయితే పైపొర మాత్రమే సెగెక్కితే అవి చల్లగా ఉన్న అడుగుకూ లోపలికీ జారుకుంటాయి, కనుక గంటకోసారి తిరగేయాలి. చచ్చినవాటి పెంటికలు అక్కడే ఉంటాయి కాబట్టి తరువాత దులపాలి, ఆ దులిపే పని పిల్లవాడు బడిలో ఉన్నప్పుడు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, డాబా మీదే జరగాలి. ఉతకలేని మెత్తటి బొమ్మ ఏదైనా పక్కలో పెట్టుకుని పడుకునే అలవాటు ఉంటే దాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి ఫ్రిజ్ పైభాగంలోని ఫ్రీజర్‌లో రెండు రోజులు ఉంచండి. తరువాత ఒకసారి నీళ్లలో జాడించి ఎండలో ఆరబెట్టండి.

గదిలో చెమ్మ తగ్గించడం మన తీరంలో కష్టమే గానీ చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పొద్దున లేవగానే దుప్పటి చక్కగా పరిచి పడక కప్పేయకండి. గంటసేపు తెరిచి ఫ్యాన్ కింద వదిలేయండి, రాత్రి చెమట ఆరుతుంది. తలంటు పోసుకున్న రోజు తడి జుట్టుతో దిండెక్కవద్దు. తడి బట్టలు పడకగదిలో ఆరవేయవద్దు. ఏసీ ఉంటే అది చల్లదనంతో పాటు చెమ్మను కూడా తగ్గిస్తుంది, ఫిల్టరు మాత్రం పదిహేను రోజులకోసారి కడగాలి. నీళ్లు పోసే కూలర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, పడకగదిలో వద్దు. పొడి చీపురుతో ఊడవడం మాని తడి గుడ్డతో తుడవండి.

డబ్బు ఎక్కడ తగలేయకూడదో కూడా చెప్పాలి. దుమ్ము పురుగుల పెంటికలు బరువైనవి. పడక కదిపినప్పుడు లేచి అరగంటలోపే కిందికి దిగిపోతాయి, గాలిలో తేలుతూ ఉండవు. అందుకని గాలిని శుభ్రపరిచే యంత్రం పిల్లి బొచ్చుకూ, పొగకూ పనికొచ్చినంతగా దీనికి పనికిరాదు. ముక్కుకు అయిదంగుళాల దూరంలో దిండుంటే, గది మూలన ఉన్న యంత్రం ఏం చేస్తుంది? పరుపు కింద కలరా ఉండలు వేయడం అసలు వద్దు. ఆ ఘాటు రేగిన ముక్కును ఇంకా రేపుతుంది, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాల్లో ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పసిపిల్లలకైతే ప్రమాదకరం కూడా. సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, అగరువత్తులు కూడా పిల్లవాడి గదికి దూరంగా ఉంచండి.

ఇంతవరకూ నేను దుమ్ము పురుగులే కారణమన్నట్టు మాట్లాడాను. పొద్దున్నే పడక మీదే మొదలై, బడిలో తగ్గిపోవడాన్ని బట్టి అది చాలా నమ్మదగిన ఊహే, అయినా ఊహే. చర్మం మీద చుక్కలు పెట్టి సన్నని సూదితో గుచ్చే పరీక్ష, అంటే స్కిన్ ప్రిక్ టెస్ట్, పావుగంట ఇరవై నిమిషాల్లో తేల్చేస్తుంది. పిల్లలకు దోమ కుట్టినంత నొప్పి. అంతకు ముందు వారం రోజులు సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు ఆపాలి, లేకపోతే పరీక్ష తప్పు చూపుతుంది. బొద్దింకలు, గోడల మీది బూజు, వయ్యారిభామ మొక్క పుప్పొడి కూడా ఆ వరసలోనే పరీక్షిస్తారు. పిల్లవాడు నోరు తెరిచి పడుకుంటున్నా, గురక పెడుతున్నా ముక్కు వెనక ఎడినాయిడ్లు అనే మెత్తటి కండ పెరిగిందేమో ఎలాగూ చూపించాలి. ముక్కును పైకి రుద్దే అలవాటు పాతదైతే ముక్కు దూలం మీద అడ్డంగా ఒక సన్నని గీత పడి ఉంటుంది. ఈ సాయంత్రం వెలుతురులో చూడండి.

మందుల విషయంలో తల్లిదండ్రుల భయాలు ఎప్పుడూ తప్పుడు మందు మీదే ఉంటాయి. ముక్కులో కొట్టే ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రేలకు భయపడతారు. అవి చెప్పిన మోతాదులో ముక్కు వరకే పనిచేస్తాయి, ఒంటికి చేరేది చాలా స్వల్పం. మామూలుగా మేం మొదట ఇచ్చేది వాటినే. అయితే ఒకటి రెండు రోజుల్లో కాదు, రోజూ వాడితే వారం రెండు వారాలకు పూర్తి ఫలితం కనిపిస్తుంది. కుడి చేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమ చేత్తో కుడి ముక్కులోకి, మధ్య గోడ వైపు కాకుండా కంటి బయటి కొన వైపు గురిపెట్టి కొట్టాలి. చాలామందికి స్ప్రే పనిచేయకపోవడానికీ, ముక్కు నుంచి రక్తపు చారలు రావడానికీ ఆ గురి తప్పడమే కారణం. మరోవైపు, మందుల షాపులో అడగ్గానే ఇచ్చే, ముక్కు దిబ్బడ క్షణాల్లో విడిపించే చుక్కల మందుకు మాత్రం ఎవరూ భయపడరు. దాన్ని మూడు నుంచి అయిదు రోజులు దాటి వాడితే మందు లేకుండా ముక్కు తెరుచుకోని స్థితి వస్తుంది. లీవోసెట్రిజిన్, మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రలు మన రాష్ట్రాల్లో జలుబు మాత్రల్లా వాడేస్తున్నారు. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పులు రావచ్చని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. ముక్కు అలర్జీ ఒక్కదానికే అయితే వేరే మందులు పనిచేయనప్పుడే దాని దాకా వెళ్లాలి. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవడం తొమ్మిదేళ్ల పిల్లవాడు నేర్చుకోగలడు, పెద్దగా ఖర్చూ లేదు. ఇవన్నీ చేసినా లొంగకపోతే అదే ప్రోటీనును కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ ఉంది. కనీసం మూడేళ్లు పడుతుంది, అలర్జీ వైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి.

మీరు రాయని ఒక్క విషయం అడుగుతాను: రాత్రి రెండు మూడు గంటలకు దగ్గుతూ లేస్తున్నాడా, పరుగెత్తితే పిల్లికూతలు వినబడుతున్నాయా? ముక్కు అలర్జీ ఉన్న పిల్లల్లో ఉబ్బసం కూడా తరచుగా ఉంటుంది. అలాగైతే దిండ్ల పని తరువాత, ముందు ఛాతీ వైద్యుణ్ణి చూడండి, ఇన్‌హేలర్ ఇస్తే అలవాటైపోతుందని మానకండి. డొక్కలు ఎగరేస్తున్నా, ఒక్క వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక నాయనమ్మ గారి పడక. ఆమెకు తుమ్ములు, ఆయాసం లేవు కాబట్టి ఆమె దిండు ఆమెకు హాని చేయడం లేదు. దాన్ని లాక్కోవద్దు, అది ఈ వయసులో ఆమెకు అవమానంగా తోస్తుంది. కథలు ఆపించవద్దు కూడా. ముక్కు చుక్కల మందూ స్ప్రేలూ ఇవ్వలేనిది ఆ గంట ఇస్తుంది. కథాస్థలం మార్చండి చాలు. తొడుగు వేసిన పిల్లవాడి మంచం పక్కన ఆమె కుర్చీలో కూర్చుని చెబుతారు, వాడు నిద్రపోయాక ఆమె వెళ్లి తన పడక మీద తన దిండుతోనే పడుకుంటారు. మీకు పుట్టింటివారు పెట్టిన దిండ్లలో ఒకదాని చారల సంచిని మాత్రం ఉతికి, ఎండబెట్టి, గుర్తుగా దాచుకోండి. దూదిని సంచిలో మూతి కట్టి మున్సిపాలిటీ బండికి ఇవ్వండి, కాల్చవద్దు, బూరుగు దూది భగ్గున అంటుకుంటుంది. వంటింటి క్యాలెండరు మీద ఈ రోజు నుంచి పొద్దుటి తుమ్ములు ఎన్నో రోజూ అంకె వేయండి. తొడుగు వేసిన రోజు, స్ప్రే మొదలైన రోజు పక్కన చిన్న గుర్తు పెట్టండి. ఆరు వారాల తరువాత ఆ కాగితం తీసుకుని మీ వైద్యుడి దగ్గరకు వెళితే, ఏది పనిచేసిందో, ఏది ఆపవచ్చో ఆయన అక్కడే చెప్పగలుగుతారు.